పికప్ బండిలో ఠక్‌మంటే ముందు ఇంజన్ విప్పకండి

బండిలో ఎక్కడో ఠక్‌మని కొట్టిందంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది ఇంజనే. బేరింగులు పోయాయేమో, క్రాంక్ పోయిందేమో, ఈ నెల కిస్తీ ఎలా కట్టాలో అని టెన్షన్ మొదలవుతుంది. నేను విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పానా పట్టి పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు సొంత బొలెరో పికప్ నడుపుకుంటున్నాను. ముందూ వెనకా కమాన్ కట్టలున్న (ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులున్న) పాత మోడల్. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు, ఆ తర్వాత ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు నుంచి కూరగాయలు. తెలిసినవాళ్ళు ‘ఇంజన్ కొడుతోంది, ఓసారి చూడు’ అని తెచ్చిన బళ్ళలో ఎక్కువ వాటికి ఇంజన్ నిక్షేపంలా ఉంది. కొట్టేది కింద. షాఫ్ట్ క్రాసో, కమాన్ బుష్షో, యూ బోల్టో, షాకబ్జార్బరో.

కాబట్టి పానా ముట్టుకునే ముందు ఆ చప్పుడు ఏ టైములో వస్తోందో కనిపెట్టండి. ఎక్కణ్ణుంచి వస్తోందో తర్వాత చూద్దాం. ఇనుప చాసిస్ అంతటా చప్పుడు పాకుతుంది. వెనక కట్ట దగ్గర కొట్టింది క్యాబిన్‌లో మీ కాళ్ళ కింద వినిపిస్తుంది. చెవి మోసం చేస్తుంది గానీ టైము మోసం చెయ్యదు.

మా మేనల్లుడు మధురవాడ వైపు ఫర్నిచర్ లోడులు వేస్తాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఇంజన్ లోపల కొడతంది. దించాలంతన్నారు."

"ఎప్పుడు కొడతందిరా?"

"ఎప్పుడేటి, ఎప్పుడూనే."

"నిలబెట్టి రేస్ ఇత్తే కొడతందా?"

కాసేపు మాట లేదు. "అలాగైతే చూళ్ళేదు మావయ్యా."

చూడమన్నాను. న్యూట్రల్‌లో నిలబెట్టి ఎంత రేస్ ఇచ్చినా చప్పుడు లేదు. హనుమంతవాక సిగ్నల్లో ఆగి, ఫస్ట్ గేరేసి క్లచ్ వదలగానే ఒక ఠక్. గేరు మార్చినప్పుడల్లా ఇంకో ఠక్. ఆ ఒక్క ముక్కతో ఇంజన్ మీద అనుమానం పోయింది. లోపలి బేరింగే పోతే చక్రం కదిలినా కదలకపోయినా ఇంజన్ తిరిగినంతసేపూ కొట్టాలి, రేస్ పెంచితే దాని వేగమూ పెరగాలి. వాడి బండిలో ఏం దొరికిందో షాఫ్ట్ దగ్గరికి వచ్చాక చెబుతాను.

ఇవి ఉంటే బండి అక్కడే ఆపండి

మిగతావన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు గానీ రెండు విషయాల్లో ఆలస్యం పనికిరాదు.

ఒకటి, డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలిగి, దాంతోపాటు ఇంజన్ నుంచి బరువైన చప్పుడు వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి. ‘షెడ్డు దాకా మెల్లగా పోనిద్దాం’ అనుకుంటే వేలల్లో పోయేది లక్షకి చేరుతుంది. తాడు కట్టి లాగించుకోండి.

రెండు, వీల్ నట్లు. తక్కువ స్పీడులో చక్రంతోపాటు లయగా టక్, టక్, టక్ అని కొడుతూ, స్పీడు పెరిగితే ఆ లయ కూడా పెరుగుతుంటే రోడ్డు పక్కన ఆపి నట్లు చూడండి. ఈమధ్య పంక్చర్ వేయించి ఉంటే మరీ అనుమానించాలి. నట్టు చుట్టూ చక్రం డిస్కు మీద ఎర్రటి తుప్పు చారలు కనిపిస్తే అది లూజై చాలాసేపయినట్టే. అలాంటప్పుడు నట్లు బిగించేసి ఊరుకోకండి. చక్రం విప్పి, డిస్కుకున్న కన్నాలు కోలగా సాగాయేమో చూడాలి. సాగితే ఆ డిస్కు మార్చాల్సిందే, ఎంత బిగించినా మళ్ళీ లూజవుతుంది. నట్లు ఎప్పుడూ ఎదురెదురువి బిగించుకుంటూ రావాలి, వరసగా కాదు. చక్రం విప్పి వేశాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి బిగించాలి. ఇది పంక్చర్ షాపువాడు చెప్పడు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఉత్త మోతలు ముందు తీసేయండి

సీటు వెనక జాకీ, టూల్ బ్యాగు, వీల్ పానా బయటికి తీసేయండి. బాడీ వెనక డోరు కొక్కేలకి గుడ్డముక్క కుక్కి బిగించండి. వెనక కింద వేలాడే స్టెప్నీని రెండు చేతులా ఊపి చూడండి, దాని గొలుసు లూజైతే ప్రతి గతుక్కీ దబ్‌మంటుంది. చల్లారిన సైలెన్సర్ గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. దాన్ని వేలాడదీసే రబ్బరు తెగితే గొట్టం చాసిస్‌కి కొట్టుకుంటుంది. టైరు గాడుల్లో ఇరుక్కున్న కంకరరాయి కూడా చక్రం తిరిగినప్పుడల్లా టిక్ టిక్ అంటుంది. నవ్వొచ్చినా సరే, ఇవన్నీ చూశాకే బండి కింద దూరాలి. స్టెప్నీ గొలుసు బిగించి డబ్బులు పుచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, పేర్లెందుకు.

నాలుగు రకాల రోడ్డు మీద నడపండి

అద్దాలు దించి, పాటలు ఆపి, బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, లోడుతో ఒకసారి నడపాలి. మన విశాఖ చుట్టుపక్కల ఇందుకు కావలసిన రోడ్లన్నీ ఉన్నాయి.

నునుపు రోడ్డు కావాలంటే తెల్లారకముందు రుషికొండ నుంచి భీమిలి వైపు బీచ్ రోడ్డు. అక్కడ కూడా చప్పుడు వస్తోందంటే కట్టలవీ షాకబ్జార్బర్లవీ కాకపోవచ్చు. తిరిగేదేదో కొడుతోంది. షాఫ్ట్, చక్రం, టైరు, వెనక ఇరుసు మధ్య ఉండే హౌసింగ్ (డిఫరెన్షియల్) చూసుకోవాలి. గతుకులకి ఆటోనగర్ లోపలి సందులు చాలు. గతుకులోనే వచ్చి నునుపు రోడ్డు మీద మాయమయ్యేది కట్టలు, బుష్‌లు, షాకబ్జార్బర్లు, బాడీ బోల్టులు. ఎత్తు కావాలంటే ఎస్.కోట దాటాక వచ్చే ఘాట్. రెండో గేరులో లోడుతో ఎక్కుతుంటే ఇంజన్ బరువు మోస్తుంది, అసలు ఇంజన్ చప్పుడైతే అక్కడ దాక్కోలేదు. నాలుగోది మలుపు. ఖాళీ గ్రౌండులో స్టీరింగు పూర్తిగా తిప్పి పట్టుకుని, బండిని ఎడమకో చుట్టు, కుడికో చుట్టు మెల్లగా తిప్పండి. ఒకవైపు తిప్పినప్పుడే కొడితే ముందు చక్రాల దగ్గర చూడాలి.

చప్పుడు ఏ పక్కదో తేలకపోతే పొడవాటి ప్రహరీ గోడ పక్కన మెల్లగా పోనివ్వండి. ఒకసారి గోడ ఎడమవైపు ఉండేలా, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు ఉండేలా. గోడకి తగిలి తిరిగొచ్చే చప్పుడు ఏ వైపు గట్టిగా ఉంటే లోపం ఆ వైపే. మనిషిని బాడీలో పడుకోబెట్టి వినమనడం చూశాను, అంత సాహసం వద్దు. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి గుడ్డలో చుట్టి, ఒకసారి వెనక ఇరుసుకి పైన, ఒకసారి క్యాబిన్ వెనక బాడీ అడుగున కట్టి నడిపితే తేడా తెలిసిపోతుంది.

షాఫ్ట్ క్రాసు

మా మేనల్లుడి బండిలో పోయింది ఇదే. గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగ్‌కి శక్తిని మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చివర్లలో ప్లస్ గుర్తు ఆకారంలో క్రాసులుంటాయి. ఒక్కో క్రాసుకి నాలుగు కప్పులు, కప్పు లోపల చుట్టూ సన్నటి సూది బేరింగులు. వెనక ఇరుసు పైకీ కిందికీ ఊగుతున్నా షాఫ్ట్ విరక్కుండా తిరిగేది ఈ క్రాసుల వల్లే. గ్రీజు ఎండి, లోపలికి నీళ్ళు పోతే సూదులు అరిగి కొంచెం ఖాళీ ఏర్పడుతుంది. బండి కదిలేటప్పుడు, గేరు మారేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు బలం ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి మారుతుంది కదా, అప్పుడు ఆ ఖాళీ అంతా ఒక్కసారి మూసుకుని ఠక్‌మంటుంది.

పరీక్ష ఇలా చేయండి. బండి సమానమైన నేల మీద, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్కదిమ్మలు పెట్టండి. హ్యాండ్ బ్రేకు లాగి గేరు న్యూట్రల్ చేయండి. పికప్‌ల కింద దూరడానికి మామూలుగా జాకీ అవసరం రాదు, వస్తే మాత్రం జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండు పెట్టండి. ఇప్పుడు ఒక చేత్తో షాఫ్ట్‌ని, ఇంకో చేత్తో దాని చివరి ఫ్లాంజ్‌ని (బోల్టులతో బిగించే పళ్ళెం లాంటి భాగాన్ని) పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పండి. షాఫ్ట్ కదిలి ఫ్లాంజ్ కదలకపోతే, ఆ రెంటి మధ్య వేలికి ఏ కొంచెం ఆట (వదులు) తగిలినా క్రాసు పోయింది. మంచి క్రాసులో చేతికి తెలిసేంత ఆట ఉండదు. షాఫ్టూ ఫ్లాంజూ కలిసి కొంచెం తిరిగి ఆగితే అది హౌసింగ్ లోపలి క్రౌన్, పీనియన్ పళ్ళ మధ్య ఖాళీ. కాస్త ఉండడం సహజం. ఎక్కువగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా వదిలినప్పుడు ఒకలా ఊళ వినిపిస్తుంటే హౌసింగ్ పని తెలిసిన మెకానిక్ దగ్గరికి పోవాలి. ఇంట్లో చేసేది కాదు.

ఆ రోజు వాడి బండి కింద టార్చి వేసి చూస్తే, వెనక క్రాసు మూడు కప్పుల చుట్టూ నల్లటి గ్రీజు జిడ్డు ఉంది. నాలుగో కప్పు పొడిగా ఉంది. దాని అంచు చుట్టూ పసుపూ కుంకుమా కలిపినట్టు ఎర్రటి మెత్తని పొడి. వేలితో తుడిస్తే మళ్ళీ లోపల్నుంచి రాలింది. విప్పాక కప్పు బోర్లిస్తే సూదుల బదులు అదే పొడి, అందులో విరిగిన రెండు మూడు ముక్కలు. క్రాసు కాలు మీద సూదులు తిన్న గాడులు గోటికి తగిలాయి. పోతున్న క్రాసుకి ఈ ఎర్రపొడి కన్నా మంచి గుర్తు లేదు, చప్పుడు మొదలవకముందే కనిపిస్తుంది.

మార్చడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ముందు షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ కలిపి తెల్ల పెయింటుతో గీత గీయండి, తిరిగి అదే చోట కూర్చోవాలి. మధ్యలో జారే జాయింటు ఉన్న షాఫ్ట్ అయితే దాని మీద కూడా గీత పెట్టండి. రెండు చివర్ల యోకులు (క్రాసుని పట్టే రెండేసి చెవుల ముక్కలు) ఒకే వరసలో ఉండాలి, ఒక పన్ను తప్పి వేసినా వణుకు పుడుతుంది. అది చూసి మళ్ళీ ఇంజన్ మౌంటింగులు (ఇంజన్ని మోసే రబ్బరు దిమ్మలు) మారుస్తూ కూర్చుంటారు. ఫ్లాంజ్ బోల్టులు విప్పేటప్పుడు షాఫ్ట్ మీద పడకుండా తాడుతో కట్టుకోండి, దాని బరువు తక్కువేం కాదు. సర్‌క్లిప్పులు (కప్పు ఊడకుండా ఆపే రింగులు) తీసి, బెంచ్ వైస్‌లో బిగించి, ఒకవైపు చిన్న సాకెట్టు, ఎదురువైపు కప్పు పట్టేంత పెద్ద సాకెట్టు పెట్టి నొక్కితే కప్పు బయటికి వస్తుంది. సుత్తితో కొడితే యోకు చెవి వంగుతుంది. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు ఒక్క సూది అడ్డంగా పడినా కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్పు కూర్చోదు. అలాంటప్పుడు బలవంతం చేయకుండా వెనక్కి తీసి, సూదుల్ని గ్రీజుతో గోడకి అంటించి మళ్ళీ పెట్టండి. నాలుగూ ఎక్కాక క్రాసు అన్ని వైపులకీ చేత్తో సాఫీగా వంగాలి. ఒక దిక్కులో బిగుతుగా ఉంటే యోకు చెవి మీద మెల్లగా ఒక దెబ్బ వేస్తే కప్పు సర్‌క్లిప్పుకి ఆని సర్దుకుంటుంది. చివరగా గ్రీజు గన్ను పెట్టి నాలుగు కప్పుల అంచుల్నుంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టండి.

కొన్ని బళ్ళలో షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు చీలితే కదిలేటప్పుడు దడదడమని వణికి, కాస్త స్పీడు అందుకోగానే సర్దుకుంటుంది. షాఫ్ట్‌ని ఆ దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి, చీలిక కళ్ళకే కనిపిస్తుంది.

కమాన్ కట్టలు, యూ బోల్టులు

హార్బర్ లోడు వేసే బళ్ళకి ఇదే పెద్ద జబ్బు. చేపల ట్రేల నుంచి ఐసు కరిగి, ఉప్పునీళ్ళు బాడీ అడుగు చెక్కల సందుల్లోంచి సరిగ్గా వెనక కట్టల మీదా యూ బోల్టుల మీదా కారుతాయి. దానికి తోడు మన సముద్రపు గాలి ఉండనే ఉంది. లోతట్టు ఊళ్ళలో తిరిగే బండి కన్నా ఇక్కడి బండి కింద భాగం ఎంతో ముందుగా తుప్పు పడుతుంది.

కట్టని ఇరుసుకి కలిపి పట్టేది యూ బోల్టు. అది లూజైతే బ్రేకు వేసినప్పుడు ఒక కొట్టు, కదిలినప్పుడు ఒక కొట్టు వినిపిస్తుంది. చూస్తే అచ్చం షాఫ్ట్ క్రాసు లక్షణంలాగే ఉంటుంది. అందుకే రెండూ చూడాలి. ఇనుప బ్రష్షుతో మట్టి గీకి, కట్టకీ ఇరుసు మీది సీటుకీ మధ్య గీత చూడండి. అక్కడ తుప్పుపొడి సన్నగా రాలుతున్నా, మెరుస్తూ కొత్త ఇనుము కనిపిస్తున్నా రెండూ ఒకదాని మీద ఒకటి రాసుకుంటున్నట్టే.

యూ బోల్టు లూజు అలాగే వదిలేస్తే కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగుతుంది. అప్పుడు ఇరుసు ఒకవైపు వెనక్కి జరుగుతుంది, బండి రోడ్డు మీద ఏటవాలుగా పోతుంది. తెలుసుకోవడానికి టేపు చాలు. కట్ట ముందు చివర ఉండే గుండ్రటి కన్ను మధ్య నుంచి ఇరుసు మధ్యకి రెండు పక్కలా కొలవండి. తేడా వచ్చిందంటే లోడు మానేసి కమాన్ షాపుకి పోవాలి.

బిగించేటప్పుడు బండి తన బరువుతో చక్రాల మీదే నిలబడి ఉండాలి. జాకీ మీద ఎత్తి బిగిస్తే, దించాక కట్ట సర్దుకుని మళ్ళీ లూజవుతుంది. నాలుగు నట్లనీ ఎదురెదురుగా, ఒకేసారి పూర్తిగా కాకుండా విడతలుగా బిగించండి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) లేకపోతే ఆటోనగర్‌లో అది ఉన్న షాపుకి పోయి వేయించుకోండి, పైపు తగిలించి బలం కొద్దీ తిప్పితే బోల్టు సాగిపోతుంది. తుప్పు తిని మరలు సన్నబడిన యూ బోల్టుని మళ్ళీ వాడకండి. బిగించాక నట్టుకీ బోల్టుకీ కలిపి పెయింటుతో గీత గీస్తే, తర్వాత ఎప్పుడైనా నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. మా ఇంట్లో గోళ్ళ రంగు సీసా ఈ పనికే పోతుంది.

ఇక బుష్‌లు. ఇవి పిన్ను చుట్టూ వేసే రబ్బరు లేదా ఇనుప గొట్టాలు. కట్ట రెండు చివర్లలో, కట్టని చాసిస్‌కి వేలాడదీసే షాకిల్ పట్టీలలో ఉంటాయి. బండి నేల మీదే ఉండగా కట్ట కన్నుకీ బ్రాకెట్టుకీ మధ్య టామీ రాడ్డు (పొడవాటి ఇనుప కడ్డీ) పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు సాగి వెనక్కి వస్తే పరవాలేదు. పిన్ను టక్‌మని అటూ ఇటూ కదిలితే బుష్ పోయింది. గ్రీజు నిపుల్ ఉన్న ఇనుప బుష్ అయితే ముందు గ్రీజు కొట్టి చూడండి. రెండు రోజులు చప్పుడు ఆగి మళ్ళీ మొదలైతే పిన్నూ బుష్షూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే అరిగినది కొత్తదాన్ని తినేస్తుంది.

రబ్బరు బుష్ వేశాక పెద్ద బోల్టు చివరి బిగింపు కూడా బండి చక్రాల మీద దిగాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొద్ది నెలలకే చిరుగుతుంది. ‘మొన్ననే మార్పించాను, మళ్ళీ పోయింది’ అనేవాళ్ళ సంగతి చాలావరకు ఇదే. సరుకుది తప్పంటారు, తప్పు బిగింపుది.

కట్టలో ఒక పట్టీ విరిగినా చప్పుడు వస్తుంది. విరుగు ఎక్కువగా మధ్యలో, యూ బోల్టు పక్కన ఉంటుంది. మట్టి కప్పేస్తే కనబడదు, అందుకే నీళ్ళు కొట్టి కడిగాకే చూడాలి. విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించకండి. ఆ ఇనుముకి పట్టిన పదును వేడికి పోతుంది, పక్కనే మళ్ళీ విరుగుతుంది. ఘాట్‌లో లోడుతో దిగుతుంటే విరగడం మాటలు కాదు.

లోడున్నప్పుడు మాత్రమే, పెద్ద గుంతలో దబ్‌మని బరువుగా కొట్టి, ఖాళీ బండిలో వినపడకపోతే చాసిస్ కింద ఉండే రబ్బరు స్టాపర్ ఊడిపోయిందేమో చూడండి. ఇరుసు నేరుగా చాసిస్‌కి తగిలిన చోట పెయింటు పోయి మెరుస్తుంటుంది. స్టాపర్ వేయించండి, లోడు కూడా తగ్గించండి.

షాకబ్జార్బర్లు, ముందు చక్రాలు

షాకబ్జార్బర్ నుంచి ఆయిల్ కారి దుమ్ము అతుక్కుని ఉంటే అది పని మానేసినట్టే. కారకపోయినా దాని కన్ను బుష్ అరిగితే చిన్న గతుకుల్లో టకటకమంటుంది. తేల్చుకోవాలంటే ఖాళీ బండికి ఆ ఒక్కదాని కింది బోల్టు విప్పి, పక్కకి కట్టేసి, సందులోనే మెల్లగా పదడుగులు పోయి రండి. చప్పుడు ఆగితే దొరికిపోయింది. మార్చేటప్పుడు రెండు పక్కలా మార్చండి.

ముందు చక్రం జాకీ మీద ఎత్తి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్. అప్పటికీ ఉంటే కింగ్ పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ మలుపు తిరుగుతుందో ఆ పిన్ను), లేదా మీ బండికి బాల్ జాయింటులు ఉంటే అవి. పక్కలకి పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు, స్టీరింగు రాడ్లు. వీటిలో ఏది పోయినా స్టీరింగు మన చేతిలో ఉండదు, రేపు చూద్దాంలే అనకూడదు.

నిలబెట్టినా కొడుతుంటే

ఇప్పుడే ఇంజన్ దగ్గరికి రావాలి. అప్పుడు కూడా మొదట మౌంటింగులు. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఒక కుదుపుతో ఠక్‌మంటే దాదాపు ఇవే. పైన ఎక్కడో కారే ఆయిల్ పడి మౌంటింగు రబ్బరు మెత్తబడి చిరుగుతుంది. మౌంటింగు మార్చి ఆయిల్ కారడం ఆపకపోతే కొత్తదానికీ అదే గతి. టాటా ఏస్ మొదటి మోడళ్ళలాంటి రెండు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో కొంచెం ఊగడం దాని స్వభావం, దాన్ని జబ్బు అనుకోకండి.

పొద్దున చల్లటి ఇంజన్ కటకటమని, వేడెక్కాక సర్దుకుంటే అది డీజిల్ సహజం. చల్లగా ఉన్నప్పుడు లోపల చల్లిన డీజిల్ అంటుకోవడానికి కాస్త ఆలస్యమవుతుంది, ఆ లోపు పోగైనదంతా ఒక్కసారి మండుతుంది. లంబసింగి, పాడేరు వైపు చలికాలం రాత్రి హాల్టు పెట్టినవాళ్ళకి ఇది బాగా తెలుసు.

వేడెక్కినా తగ్గకపోతే, సమానమైన నేల మీద ఇంజన్ ఆపి కాసేపాగి ఆయిల్ కొలత చూడండి. డీజిల్ ఫిల్టరు అడుగున ఉండే మర తిప్పి నీళ్ళు వదలండి. కొత్త చోట డీజిల్ కొట్టించిన మర్నాడే మొదలైతే ఆ డీజిల్‌నే అనుమానించాలి. చప్పుడు ఎక్కడిదో వినడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవి దగ్గర ఆనించి, మొనని ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) మీదా, ఇంజన్ బ్లాకు పక్కనా, ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ట్యాంకు మీదా మార్చి మార్చి పెట్టండి. మెడలో తువ్వాలు తీసేయండి, ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండండి. పైన తేలికైన టిక్ టిక్ అయితే ట్యాపెట్ క్లియరెన్సో (వాల్వుల దగ్గరి ఖాళీ), డీజిల్ చల్లే ఇంజెక్టరో. కింద, ఆయిల్ ట్యాంకు దగ్గర బరువుగా, లోడు పడితే ఇంకా గట్టిగా కొడితే బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోటిది). ఆయిల్ ఫిల్టరు విప్పి కోయించి, మడతల్లో మెరిసే రేకుముక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇంజన్ దించమన్న మాట నిజమే.

ఒక్క జాగ్రత్త. పాత పంపు బళ్ళలో ఇంజెక్టర్ నట్లు ఒక్కొక్కటీ లూజు చేసి ఏ సిలిండరో కనిపెట్టేవాళ్ళం. కామన్ రైల్ ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి విపరీతమైన ఒత్తిడితో డీజిల్ అందేది) మీద ఆ పని చేయకండి. టైరులో గాలి ఒత్తిడి నాలుగైదు బార్లు ఉంటే, ఆ గొట్టాల్లో డీజిల్ ఒత్తిడి వందల బార్లు, రేస్ ఇస్తే వెయ్యి దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి పోయే ప్రమాదం. స్కానర్ ఉన్న షాపులో సిలిండర్ ఒక్కొక్కటే ఆపి చూస్తారు, ఆ పని వాళ్ళకే వదిలేయండి.

ఉప్పు కడగడం

హార్బర్ లోడు దింపిన రోజే బండి కింద మంచినీళ్ళు కొట్టండి. కట్టలు, షాకిళ్ళు, యూ బోల్టులు, షాఫ్ట్ చివర్లు బాగా తడవాలి. ఆరాక నిపుళ్ళన్నిటికీ గ్రీజు. మాన్యువల్లో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే కొడితే మంచిది, ఆ లెక్క ఉప్పునీళ్ళని చూసి వేసింది కాదు. వాడి తీసేసిన ఇంజన్ ఆయిల్‌లో డీజిల్ కలిపి కింద అంతా చల్లిస్తారు చాలామంది. ఇనుముకి బాగానే ఉంటుంది గానీ రబ్బరు బుష్‌లూ మౌంటింగులూ ఉబ్బి పాడవుతాయి, బ్రేకుల మీద పడితే మరీ ప్రమాదం. ఎవరైనా చేస్తామన్నా నేను వద్దంటాను.

షెడ్డుకి పోవాల్సి వస్తే

‘సౌండ్ వస్తోంది, చూడండి’ అని తాళం ఇచ్చేసి రాకండి. ‘నిలబెట్టి రేస్ ఇస్తే లేదు, ఫస్ట్ గేరులో క్లచ్ వదిలితే ఒక్కసారి వస్తుంది, లోడుంటే ఎక్కువ, క్రాసుల్లో ఆట లేదు’ అని ఇలా చెబితే మెకానిక్‌కి సగం పని అయిపోయినట్టే. మనకి కొంత తెలుసని కూడా అతనికి అర్థమవుతుంది. బండి మీరు నడుపుతూ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వినిపించండి. విన్నాకే విప్పనివ్వండి. మార్చిన పాత సామాను గోనెసంచిలో వేయించుకుని తెచ్చుకోండి. క్రాసు మార్చారంటే అరిగిన కప్పులు, బుష్ మార్చారంటే చిరిగిన రబ్బరు మీ చేతికి రావాలి. మర్నాడు మామూలు లోడు వేసి తిరిగొచ్చాక యూ బోల్టులు, వీల్ నట్లు, షాఫ్ట్ ఫ్లాంజ్ బోల్టులు మరోసారి బిగింపు చూసుకోండి.